కుండలమ్మ దిబ్బ

మొదటి గునపం పోటు పడీ పడకముందే దిబ్బ మీంచి కేక వినబడింది.

"ఆపండి బాబూ! గునపం ఎట్టకండి! కుండలమ్మ లేసొచ్చీగల్దు!"

ఎత్తిన గునపం ఎత్తినట్టే పట్టుకుని శ్రీరామ్ తలెత్తి చూశాడు. కర్ర పోటేసుకుంటూ ఓ ముసలాయన గబగబా దిగి వస్తున్నాడు. నడుముకి తువ్వాలు, ఉప్పుగాలికి మాగి నల్లబడిన ఒళ్లు.

శ్రీరామ్ రాజాంలో చరిత్ర లెక్చరరు. సముద్రానికి కోసెడు దూరంలో ఉన్న ఆ దిబ్బ కింద రెండువేల ఏళ్ల నాటి ఊరుందని అతని నమ్మకం. తిరగ్గా తిరగ్గా 2016 ఫిబ్రవరిలో తవ్వకానికి అనుమతి కాగితం చేతికొచ్చింది. కూలి ఆశించకుండా తవ్వడానికి పాత విద్యార్థులు అయిదుగురు ముందుకొచ్చారు.

"కుండలమ్మ ఎవరు తాతా?"

"దెయ్యం బాబూ. ఈ దిబ్బలో కుండలన్నీ ఆవిడివే. తట్టెడు మట్టి పట్టుకెల్లినోడి గుమ్మంలో కూకుని, నా మట్టి నాకిచ్చీ అంటాది."

విద్యార్థుల్లో చరిత అనే అమ్మాయి కిసుక్కున నవ్వింది. "మరి మేం తవ్వితే?"

"తాపీతో మెల్లగా గీకితే ఊరుకుంటాది. గునపం అంటేనే పడదు."

"సుకుమారం గల దెయ్యమే!" అన్నాడు శ్రీరామ్. అందరూ విరగబడి నవ్వారు.

ముసలాయన పేరు ఎర్రన్న. రోజూ వీళ్లకంటే ముందొచ్చి దిబ్బ మీద కూర్చునేవాడు. ఎవరైనా చిన్న పెంకు పక్కకి విసిరితే చాలు, "అక్కడెట్టకమ్మా, ఆవిడ ఎతుక్కుంటాది" అని గోల పెట్టేవాడు.

ఆ గోల సరే, అసలు చిక్కు వేరే ఉంది. కుండలమ్మ పేరు చెబితే ఊళ్లో ఒక్కడూ దిబ్బ ఎక్కడు. మట్టి మోయడానికి మనిషి దొరకడు. పది రోజులకి ఓ ఇటుక గోడ మొదలు బయటపడింది గానీ, ఆపాటికి లెక్చరరుగారి అరచేతులు బొబ్బలెక్కాయి. నడుం పట్టేసింది.

ఆ సాయంత్రం ఎర్రన్న దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"బాబూ, మీతోటి ఓ మాట సెప్పాల. ఒంటరిగా."

"దెయ్యం సంగతేనా?"

"దాని సంగతే గానీ..."

"రేపు పంచాయతీ ఆఫీసు దగ్గర మీటింగు పెడుతున్నాను. అందరి ముందూ చెప్పు తాతా."

"అందరి ముందూ సెప్పీదైతే మీకాడికెందుకొస్తాను బాబూ!"

శ్రీరామ్ అప్పటికే ఉపన్యాసం మనసులో తయారు చేసుకుంటున్నాడు.

మర్నాడు ఊరంతా కదిలొచ్చింది. దెయ్యాల్లేవని శ్రీరామ్ గంటసేపు సైన్సు చెప్పాడు. జనం గంటసేపూ ఆవులించారు. ఇలా కాదని దిబ్బ మట్టి తట్టకెత్తి నెత్తిన పెట్టుకున్నాడు. "రా కుండలమ్మా, నీ మట్టి తీసుకుపో!" అని అరుస్తూ ఊరు చుట్టూ తిరిగాడు. మూడో చుట్టుకి ముసలమ్మలు కూడా నవ్వడం మొదలెట్టారు.

కుండలమ్మ రాలేదు.

ఎర్రన్న ఒక్కడే అతని చెయ్యి పట్టుకున్నాడు. "దాన్ని సంపకండి బాబూ."

"లేనిదాన్ని ఎలా చంపుతాను తాతా?"

ఊరు చప్పట్లు కొట్టింది. ట్రాక్టరున్న ఎల్లాజీ అందరికంటే గట్టిగా కొట్టాడు.

ఆ ఊపులో శ్రీరామ్ జట్టుకి రెండు రోజులు సెలవిచ్చి ఇంటికెళ్లాడు. తిరిగొచ్చేసరికి దిబ్బ సగమే ఉంది. ఇటుక గోడ లేదు. మూడు ట్రాక్టర్లు వస్తున్నాయి, పోతున్నాయి. ఊళ్లో పల్లంగా ఉన్న ప్రతి పెరడూ మెరకెక్కుతోంది.

"ఎల్లాజీ! ఏమిటిది?"

"మీ దయే మాస్టారూ! ఇంత మంచి మట్టి ముంగిట్లో ఎట్టుకుని ఇన్నేళ్లూ బయపడి సచ్చాం."

"ఆపండి! నా దగ్గర కాగితం ఉంది!"

"తవ్వమనే కదండీ కాగితం? మేమూ తవ్వుతన్నాం."

శ్రీరామ్ చేతులు జోడించాడు. "బాబ్బాబు, కుండలమ్మ ఉంది! నేను కళ్లారా చూశాను!"

ఎల్లాజీ ఇంజను ఆపి మరీ నవ్వాడు. "ఊరుకోండి మాస్టారూ. సదుంకున్నోరు, మీరే ఇలాగంటే ఎలాగండీ?"

ఎర్రన్న నోటితో చెబితే నమ్ముతారేమోనని శ్రీరామ్ అతని ఇంటికి పరుగెత్తాడు. వాకిట్లో అతని భార్య లక్ష్మణమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది.

"తాత ఏడీ అమ్మా?"

"నిన్న ట్రాక్టరుకి అడ్డంగా తొంగున్నాడు బాబూ. నలుగురూ ఎత్తి మూటలాగ గట్టుమీద కూకోబెట్టీసారు. ఇంక నాకిక్కడేటి పని అనీసి, శ్రీకూర్మంలో కూతురింటికి ఎల్లిపోనాడు."

"ఆ రోజు నాతో ఏదో చెప్పాలన్నాడు..."

ఆమె అటూ ఇటూ చూసింది. ఇంక దాచి ఏం లాభం అనుకుందో ఏమో, మామూలు గొంతుతోనే చెప్పింది.

"ముప్పయ్యెనిమిదేళ్ల కిందట మీలాటోలే ఒచ్చి తవ్వారు. మా ఆయన ఆల కాడ కూలీ. వానలొస్తే పని ఆపీసి, మేమొచ్చేదాకా తట్టెడు మట్టి కదలనీకు ఎర్రన్నా అని సెప్పి ఎల్లారు. మల్లీ రానేదు. మీరు దిగిన రోజు, నా కావిలి తీరిపోనాదే అని ఎంత పొంగిపోనాడో!"

"మరి ఆ కుండలమ్మ?" అన్నాడు శ్రీరామ్.

"ఊరందర్నీ ఒక్కడు ఎలాగ ఆపగల్డు బాబూ, అందుకే ఆ కుండలమ్మని మా ఆయనే పుట్టించాడు."