అద్దె కారుకు నిమ్మకాయలు

ఫ్రాన్సు పల్లెటూళ్లు చూసొద్దామని లండన్ దగ్గర హేస్‌లో వారం రోజులకి కారు అద్దెకు తీసుకున్నాం. తాళం నా చేతికొచ్చిందో లేదో, మా ఆవిడ మనస్విని హ్యాండ్‌బ్యాగులోంచి నిమ్మకాయలు తీసింది.

"అద్దె కారుకి పూజేమిటే?"

"కారు అద్దెదైతే మన ప్రాణాలూ అద్దెవా?"

ఆఫీసు గుమ్మం ముందున్న తెల్ల కారుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, "ఇక ఎక్కండి" అంది.

తాళం నొక్కాను. అవతల మూలనున్న ఎర్ర కారు కుయ్యిమంది.

కౌంటర్లోని తెల్లాయన బయటికొచ్చి, "ఈ తెల్లది నాదండీ" అన్నాడు మర్యాదగా.

ఒక బండికి పెట్టిన నిమ్మకాయలు ఇంకో బండికి పనికిరావంది మనస్విని. డోవర్‌లో ఫ్రాన్సుకెళ్లే ఫెర్రీకి టైమైపోతోంది. పూజ లేకుండానే బయల్దేరాం.

ఫ్రాన్సులో మేం బాగా చూసినవి పంక్చర్ షాపులు. కారు తలుపులో తన మొహం చూసుకుని ఒక పొట్టేలు కుమ్మింది. బురదలో దిగబడితే రైతెవరో ట్రాక్టరుతో లాగాడు.

వారం తర్వాత కారు అప్పజెబుతూ, సొట్టలు కనపడకుండా అడ్డంగా నిలబడ్డాను. కౌంటర్లోని తెల్లాయన వాటివైపు చూడనైనా లేదు. తిన్నగా మనస్విని దగ్గరికెళ్లాడు.

"ఆ రోజు నుంచీ నాకు ఒక్క రెడ్ లైటూ తగల్లేదు మేడమ్!"

ఆయన వెనకాల స్టాఫంతా వరసకట్టి నిలబడ్డారు. తలా నాలుగు నిమ్మకాయలతో.

మనస్విని చున్నీ నడుముకి చుట్టింది.

"ముందు అందరినీ తాళాలు నొక్కి చూపించమనండి."