ఐరీన్ అంటే ఏంటి?

వీరరాఘవమ్మకి పెళ్ళికూతురి కులం మీద అభ్యంతరం లేదు. మతం మీదా లేదు. పేరు మీద ఉంది.

"ఏంట్రా ఆ పేరు? వక్క బుగ్గన పెట్టుకుని మాట్లాడినట్టు!" అంది మనవడితో.

"ఐరీన్, నాయనమ్మా," అన్నాడు ప్రదీప్.

"అంటే ఏంటి?"

ప్రదీప్‌కి తెలియదు.

"మనింట్లో అర్థం లేని పేరు లేదు. పాడిగేదెకి కూడా నాలుగు రోజులు ఆలోచించి గంగ అని పెట్టాం. అర్థం తెలియని మనిషికి హారతిచ్చి లోపలికి రమ్మంటానా?"

పేరు వట్టి సాకని ఇంట్లో అందరికీ తెలుసు. కానీ వీరరాఘవమ్మ చెప్పిన సాకుని ఆవిడ ఎదుట సాకు అన్నవాడు దెందులూరు చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. ఆవిడ ఊ అంటే పెళ్ళి, ఊహూ అంటే లేదు. ఆవిడ కొడుకు ఈశ్వరప్రసాద్ ఆ మాట ముందే తేల్చేశాడు.

"అమ్మ కాదంటే వదిలెయ్యరా ప్రదీపూ. ఆవిడని ఏడిపించి ఈ ఇంట్లో మేళం మోగక్కర్లేదు."

గొంతు మామూలుగానే ఉంది. అన్నం మాత్రం సగంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

ఐరీన్ తాడేపల్లిగూడెంలో నర్సు. నిరుడు ఈశ్వరప్రసాద్ చేపల చెరువు గట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు ఆసుపత్రిలో పరిచయం. ప్రదీప్ రోజూ క్యారియర్ పట్టుకెళ్ళేవాడు. కాలు అతుక్కుంది గానీ తాడేపల్లిగూడెం ప్రయాణాలు ఆగలేదు. అక్కడ ఉల్లిపాయలు చవకని వంక. వంటింట్లో ఉల్లిపాయలు పేరుకుపోయి మొలకలెత్తాయి.

పేరు మార్చుకుంటారేమోనని ప్రదీప్ ఒకసారి అడిగి చూశాడు.

"నాయనమ్మగారంటే నాకు గౌరవమేనండి," అంది ఐరీన్. "కానీ ఇన్నేళ్ళు పలికిన పేరు కదండీ. వేరే పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూడనేమో. మా నాన్న పెట్టారు. ఆయన లేరు, పేరు ఉంది."

ఆ మాట ప్రదీప్ మనసులో గుచ్చుకుంది. మళ్ళీ అడగలేదు. బస్సెక్కి ఏలూరులో ముస్తాక్ దగ్గరికి వెళ్ళాడు.

ముస్తాక్, ప్రదీప్ కాలేజీలో ఒకే బెంచీ. ఇప్పుడు ముస్తాక్‌కి పవర్‌పేటలో నెట్ సెంటర్ ఉంది. నెట్ కలిసేలోగా ఇద్దరూ టీ తాగారు. ఇంకా కలవకపోతే ఇంకో టీ తాగారు.

"ఎవర్రా ఈ ఐరీన్?" అన్నాడు ముస్తాక్ పేరు టైపు చేస్తూ. "నాకు చెప్పకుండా ఇంత దూరం వెళ్ళావా? సరేలే, బిర్యానీ మా మామయ్య చేత చేయిస్తాను. ఏలూరంతా చెప్పుకోవాలి."

ప్రదీప్ చెవులు ఎర్రబడ్డాయి. కాదనడానికి నోరు రాలేదు. "ముందు అర్థం చూడరా," అన్నాడు.

"గ్రీకు పేరంట. రష్యా వెళ్తే ఇరీనా. స్పెయిన్ వెళ్తే ఇరేనే. ఎక్కడికి వెళ్ళినా అర్థం ఒకటేరా. శాంతి."

"అంతేనా?"

"అంతే. మేం చెప్పుకునే సలామ్ కూడా అదే."

ప్రదీప్ కుర్చీలో వెనక్కి వాలాడు. వాళ్ళ వీధిలోనే ముగ్గురు శాంతులు ఉన్నారు. ఈ మాత్రం మాట కోసమా ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగనిది!

"ఆగరా, ఆ పేరుతో వాళ్ళకి ఒక అమ్మవారు కూడా ఉందంట," అన్నాడు ముస్తాక్.

రాతి విగ్రహం. నిలబడిన స్త్రీ, చంకలో పసివాడు. ప్రదీప్ కింద రాసినదంతా శ్రద్ధగా చదువుకుని, బొమ్మ ప్రింటు తీయించుకుని ఇంటికి బయల్దేరాడు.

వీరరాఘవమ్మ కళ్ళజోడు పెట్టుకుని కాగితాన్ని వెలుతురుకి పట్టింది.

"అమ్మవారంటావా?"

"గ్రీకు వాళ్ళ శాంతి దేవత. పేరు ఐరీనే."

"బొట్టు లేదే."

"వాళ్ళకి ఆ అలవాటు లేదు, నాయనమ్మా."

"చంకలో వాడెవడు?"

"సంపదకి దేవుడంట. శాంతి ఉన్నచోట సంపద పెరుగుతుందని అలా చెక్కారంట."

"ఈవిడ కొడుకేనా?"

"కాదంట. వేరే తల్లి బిడ్డ. ఈవిడ సాకుతోంది."

వీరరాఘవమ్మ కాగితం వంక చూసింది. మనవడి వంక చూసింది. కోడలు పోయిన నాటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలిగించేది ఆవిడే. ఎసరు పెట్టి ఎదురుచూసేదీ ఆవిడే. ఒక్కసారిగా దుఃఖం వచ్చింది. పైటచెంగుతో కళ్ళజోడు తుడిచే వంకతో కళ్ళు కూడా తుడుచుకుంది.

"నోరు తిరిగేదాకా శాంతమ్మా అంటాను. ఏమనుకోవద్దని చెప్పు. తర్వాత ఆ పేరే నేర్చుకుంటాను," అంది. "హారతి పళ్ళెం అటక మీద ఉంది. దింపి తోమించు."

పళ్ళెం సంగతి తర్వాత చూడొచ్చనుకుని ప్రదీప్ పెరట్లోకి పరిగెత్తాడు. అక్కడ ఈశ్వరప్రసాద్ నీళ్ళ మోటారు విప్పి ముందేసుకుని కూర్చున్నాడు. అది పొద్దున్నదాకా శుభ్రంగా పనిచేసిన మోటారే. కొడుకుని చూసి లేచి నిలబడ్డాడు గానీ ఏమైందని అడిగే ధైర్యం చాలలేదు.

"నాయనమ్మ ఒప్పుకుందండి నాన్నగారూ," అన్నాడు ప్రదీప్, "ఇక మీరు జుట్టుకి రంగేయించుకోండి, పెళ్ళికొడుకు తెల్లజుట్టుతో పీటల మీద కూర్చుంటే ఊళ్ళో నవ్వుతారు."