పిల్లల పాటల పెట్టె

దర్జీ ఆవిడ పాత సామాన్ల కొట్టులో అడుగుపెట్టేసరికి, పిల్లల పాటల గ్రామఫోన్ రికార్డుల పెట్టె ముందు బట్టతల పెద్దమనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆ పెట్టె అడుగున ఆమె దాచిన వయొలిన్ రికార్డు ఉంది. ఈ కొట్టులో ఏ రికార్డైనా రెండు కాఫీల ఖరీదే. కానీ నిన్న అది కంటబడినప్పుడు ఆమె దగ్గర బస్సు చార్జీ తప్ప పైసా లేదు. పక్కన పెట్టి ఉంచమని అడిగితే, ముందు డబ్బిచ్చినవాళ్లదే సరుకన్నాడు కొట్టాయన. ఆయన అటు తిరగ్గానే దాన్ని శాస్త్రీయ సంగీతం పెట్టెలోంచి తీసి, పెద్దవాళ్లెవరూ తొంగిచూడని ఈ పెట్టె అడుక్కి తోసేసింది. తప్పే. అయితే అది ఆమెకు వయొలిన్ నేర్పిన మాస్టారు వయసులో ఉండగా వాయించిన ఒకే ఒక్క రికార్డు. ఆయన దగ్గర కూడా లేదు. ఆయనకు వినికిడి రోజురోజుకీ తగ్గిపోతోంది. ఇవాళ సాయంత్రం తెచ్చి వినిపిస్తానని మాటిచ్చేసింది.

పెద్దమనిషి ఒక్కో అట్టా తీసి, ముందూ వెనకా చూసి, తాపీగా పక్కన పెడుతున్నాడు. మెడలోని కొలతల టేపును వేళ్లకు చుట్టుకుంటూ ఆమె పక్కకు చేరింది.

“మనవల కోసమా అండీ?”

“ఊఁ,” అన్నాడాయన తలెత్తకుండా.

గుమ్మం దగ్గర కొత్త రికార్డులు దిగాయని ఊరించింది. ఆయన కదల్లేదు. ఈ మూల ఎలకలు తిరుగుతున్నాయని భయపెట్టింది. కాలు కాస్త పక్కకు జరిపాడంతే. ఇంకా పది అట్టలున్నాయి. ఇంకా అయిదు. ఆయన చెయ్యి అడుక్కి దిగుతుంటే ఇక ఆగలేక, మిగిలినవన్నీ ఒక్కసారిగా లాక్కుని గుండెకు హత్తుకుంది.

ఒక్కొక్కటీ తిరగేసింది. ఏనుగు పాటలు, అంకెల పాటలు, వాన పాటలు. వయొలిన్ లేదు.

“మీరే తీశారు కదూ? ఇచ్చెయ్యండి. మా మాస్టారికి చెవులు వినబడుతుండగానే అది వినిపించాలి,” అంది.

పెద్దమనిషి ఖాళీ చేతులు చూపించాడు. ఆయన మొహం ఆమెకంటే పాలిపోయి ఉంది.

“నేనేం తియ్యలేదమ్మా,” అని గొణిగాడు. “పోయిన వారం నేనూ ఇందులోనే ఒకటి దాచుకున్నాను. అదీ కనబడట్లేదు.”

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఇక సిగ్గు విడిచి, కొట్టాయన్నే అడుగుదామని బల్ల దగ్గరికి నడిచారు. ఆయన వెనక అద్దాల బీరువాలో కొత్తగా ఒక వరస రికార్డులు వెలిశాయి. ఆ వరస మధ్యలో ఒక అట్ట మీద, వయొలిన్ భుజానికి ఆనించుకుని నవ్వుతూ కుర్ర మాస్టారు. కింద అంటించిన ధర చూస్తే ఆమెకు కళ్లు తిరిగాయి. నెల్లాళ్లు వంచిన తల ఎత్తకుండా కుట్టినా అంత రాదు.

“రికార్డుల విలువ నీకింత తెలుసునని ఇన్నాళ్లూ అనుకోలేదయ్యా,” అంది ఏడుపు దిగమింగుకుంటూ.

“నాకేం తెలుసక్కా, సరిగమలు కూడా రావు,” అన్నాడు కొట్టాయన అద్దం తుడుస్తూ. “మీరంతా ఏవేవి దాచిపెట్టి వెళ్తారో, రోజూ కొట్టు కట్టేసే ముందు ఏరి ఇందులో పెడతానంతే.”