ఆగాల్సిన చోట

“టెస్టుకి మేడం పేరే దొరికిందా సార్? కొరివితో తల గోక్కోవడం కాకపోతే! ఏ అప్పలమ్మ పేరో పెట్టండి.”

రాధిక అడ్డం పడింది. గిరిధర్ వినలేదు. తన భార్య సత్యవాణి పేరు ఒక్కో అక్షరమే కొట్టుకుంటూ పోయాడు.

“వేరే పేరైతే, పోన్లే నడుస్తోంది కదా అని వదిలేస్తాను. ఈ పేరైతే వదలను,” అన్నాడు.

గోల్ ఘర్‌లో గిరిధర్, రాధిక పాఠాలు చెప్పే స్కూలు ఇప్పుడు సునామీ క్యాంపు. క్లాసు గదుల నిండా చాపలు, వరండా పొడుగునా తడిబట్టలు. కంప్యూటర్ గది ఒక్కటే మిగిలింది. నికోబార్ వైపు నుంచి షిప్పుల్లో వచ్చిన వాళ్ళ పేర్లు అక్కడికి ఫ్లాపీల్లో వస్తున్నాయి. వేలల్లో పేర్లు. అన్నీ కళ్ళతో వెతకడం మనిషివల్ల కాదని కంప్యూటర్ మాస్టారు గిరిధర్ ఒక ప్రోగ్రాం రాశాడు. దానికి ఒక పేరు ఇస్తే లిస్టు వెంట లిస్టు చదువుకుంటూ పోతుంది. ఆ పేరు కనబడిన చోట ఆగాలి. కనబడకపోతే ఆగకూడదు.

మొన్న అది ఆగాల్సిన చోట ఆగలేదు. ఈ క్యాంపులోనే ఉన్న సూరయ్య తల్లి గవరమ్మ పేరు లిస్టులో ఉన్నా దాటుకుని వెళ్ళిపోయింది. కొడుకు ఇక్కడ, తల్లి డిగ్నాబాద్ క్యాంపులో, రెండు రోజులు ఎవరికి వారు ఏడ్చుకుంటూ కూర్చున్నారు. అందుకే ఈ టెస్టు.

సత్యవాణి నికోబార్ వైపు కచ్చాల్ దీవిలో టీచరు. అల వచ్చి పదకొండు రోజులైంది. ఏ లిస్టులోనూ లేదు.

గిరిధర్ పది పేర్లతో ఒక ఉత్తుత్తి లిస్టు చేసి, ఏడోది సత్యవాణి పేరు, వివరాలతో సహా పెట్టాడు. ప్రోగ్రాం అక్కడ ఆగిందో లేదో చూసి చెప్పడానికి పక్కనే ఇంకో చిన్న ప్రోగ్రాం రాశాడు. రెండూ కలిపి నడిపాడు. తెర నల్లబడింది. పాస్ అనీ రాలేదు, ఫెయిల్ అనీ రాలేదు.

“అరే, క్యా హువా సార్?”

“రెండిటినీ ఒకే ఇంట్లో పెట్టాను. అది ఆగిపోతూ దీన్ని కూడా పట్టుకుపోయింది.”

“పోయాడో ఉన్నాడో చెప్పాల్సినవాడు కూడా పోతే ఎలా సార్?” అనేసి రాధిక నాలుక కరుచుకుంది.

గిరిధర్‌కి ఏమీ అనిపించలేదు. పదకొండు రోజులుగా అతనికి ఏమీ అనిపించడం లేదు. పెడితే తింటున్నాడు, పడుకోమంటే పడుకుంటున్నాడు. తలవంచుకుని రెండు ప్రోగ్రాములనీ విడదీశాడు. ఆగేది వేరు, దూరంగా ఉండి చూసేది వేరు. ఆగేది పోతూ పోతూ, సరిగ్గానే ఆగానని గుర్తుగా ఒక సున్నా చెప్పి పోవాలి. చూసేది ఆ సున్నా అందుకుని పాస్ అనాలి.

మళ్ళీ నడిపాడు. ఏడో పేరు దగ్గర ప్రోగ్రాం ఆగింది. ‘దొరికింది: సత్యవాణి’ అని ఇంగ్లీషులో పడింది. దాని కింద ‘పాస్’.

“పాపా! మమ్మీ మిల్ గయీ!”

గుమ్మంలో ఏడేళ్ళ కూతురు పింకీ. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూసుకోలేదు.

“రాధికా దీదీ, దేఖో నా! మమ్మీ పేరు!”

“లేదమ్మా,” అన్నాడు గిరిధర్. “అది ఉత్తుత్తి లిస్టు. నేనే రాశాను.”

“ఝూటా లిస్టు ఎందుకు రాశావు?”

“ఆగుతుందో లేదో చూడ్డానికి.”

పింకీ తండ్రి మొహంలోకి చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఏడ్చినా బాగుండేది.

“ఆ లిస్టు తీసెయ్,” అన్నాడు గిరిధర్. రాధిక వెంటనే తీసేసింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

మధ్యాహ్నం హడ్డో రేవుకి షిప్పు వచ్చింది. నాలుగు ఫ్లాపీలు తెచ్చి ఇచ్చారు. రాధిక ఒక్కొక్కటే పెట్టి లిస్టులు ఎక్కించి, సత్యవాణి పేరుతో వెతికించింది. మొదటిది అయింది. రెండోది అయింది. మూడో దాంట్లో ప్రోగ్రాం ఆగింది.

“సార్! సార్, ఆగింది!”

గిరిధర్ కుర్చీలోంచి కదల్లేదు. “తీసెయ్యమన్నాను కదా.”

“తీసేశాను సార్. ఒట్టు.”

“ఎక్కడో ఇంకో కాపీ ఉండుంటుంది. దాన్నే చదివింది.”

“ఇది ఇప్పుడే షిప్పులోంచి వచ్చిన ఫ్లాపీ సార్!”

“అయితే వేరే సత్యవాణి ఎవరో.”

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. గిరిధర్ కీడెంచడం దగ్గరే ఉండిపోయాడు. ఆశపడాలంటే అతనికి భయంగా ఉంది. పింకీకి ఇంకోసారి ‘లేదమ్మా’ అని చెప్పాల్సి వస్తుందేమోనని అంతకంటే భయంగా ఉంది.

“వయసు ముప్పై నాలుగు. ఊరు కచ్చాల్. ఉద్యోగం టీచర్,” రాధిక గబగబా చదివింది.

“నేనూ అవే కొట్టాను. భర్త పేరు కూడా చూడు, గిరిధర్ అని ఉంటుంది. అది నా లిస్టే రాధికా.”

మళ్ళీ మొదట్నుంచి నడపడానికి అతను కీబోర్డు మీదికి చెయ్యి చాచాడు. రాధిక ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. భర్త పేరు రాసే గడిలో, షిప్పులో హిందీ క్లర్కు విన్నది విన్నట్టు కొట్టిన మాట మీద వేలు పెట్టి పైకి చదివింది.

“‘పింకీ కే పాపా.’”