అద్దాలు తుడిచేవాళ్ల లెక్క

సూపర్‌వైజరు అడిగితే పదేళ్ల ప్రమాదాల వివరాలు తిరగేసి లెక్క కట్టాను. ఎత్తైన భవనాల అద్దాలు తుడవడంలో కన్నా, ఆ పనికి మోటారుసైకిలు మీద రావడంలోనే చావు అవకాశం మూడింతలని తేలింది.

నేను చేత్తో రాసిచ్చిన ఆ కాగితాన్ని గోడకు అంటించారంటే మురిసిపోయి చూడ్డానికి వెళ్లాను. ‘ఈ లెక్క నడుముకు తాడు కట్టుకున్నవాళ్లకే’ అన్న చివరి వాక్యాన్ని కత్తెరతో కోసేశారు.

“ఇదేం పనండీ?” అన్నాను సూపర్‌వైజరుతో.

“తాళ్లు చీకిపోయాయి. కొత్తవొచ్చేదాకా పని మానుకోమంటావా? అయినా లెక్క నీదేగా, మహానుభావా!”

బయటికి పరుగెత్తాను. తాడు లేందే ఎక్కనని వారంగా మొండికేసిన మా తమ్ముడు, ఆరో అంతస్తు అంచున ఒట్టి నడుముతో నిలబడి ఉన్నాడు.

“దిగరా!” అని అరిచాను.

“కంగారెందుకన్నయ్యా? వాళ్ల మాట నేను నమ్మలేదు. నీ చేతిరాత చూశాకే ఎక్కాను.”