ఎడమచేతి మైల

చీమల సంగతి చెబుతా, వినండి నాయనా. పుట్టలోకి వాననీరు వచ్చేసింది. గుడ్లు గట్టు చేరాలంటే చీమలే చేతులు కలిపి వంతెన కావాలి. కుడి ఎడమల తేడా చూడకూడదన్నది తాతల నాటి కట్టుబాటు. అలా ఇరుపక్కలా పట్టుకుంటూ రాగా చివరనున్న పుల్లమ్మకు ఎడమచెయ్యి మిగిలింది. దాంతోనే గట్టుమీది గడ్డిపోచను పట్టుకుంది.

"రామ రామ! గుడ్లు దాటే చోట ఎడమచెయ్యా?" పక్కనున్న శుచయ్య మండిపడ్డాడు. "మైల! అందరూ కుడిచేతులే కలపండి."

"గట్టు వదిలేస్తే ఎలా బావా?"

"నా చెయ్యి పట్టుకో. ఎవరూ ఒంటరి కారుగా!"

నిజమే, ఎవరూ ఒంటరి కాలేదు. పాత పట్టు తెగిన చప్పుడైనా లేకుండా ఇద్దరిద్దరుగా కుడిచేతులు కలుపుకున్నారు. వంతెన మాత్రం లేదు. జంటలన్నీ మహా పవిత్రంగా నీటిలో కొట్టుకుపోతున్నాయి. గుడ్లేమో పుట్టలోనే ఉన్నాయి.

పుల్లమ్మ గభాలున ఎడమచేత్తో గడ్డిపోచ అందుకుంది. "బావా, నీ ఎడమచెయ్యి పక్క జంటకివ్వు!"

శుచయ్య నీళ్లు మింగుతూ ఇచ్చాడు. అటువాళ్లూ అలాగే పుట్టదాకా ఇచ్చుకున్నారు. గుడ్లు గట్టెక్కాయి.

సాయంత్రం గట్టుమీద శుచయ్య ప్రవచనం. "భగవంతుడు మనకు రెండు చేతులెందుకిచ్చాడో ఎప్పుడైనా ఆలోచించారా?"

పుల్లమ్మ రెండు చేతులూ జోడించి వింది.