పెట్టింది పెట్టినట్టే

"గేములాడే కంప్యూటర్ కావాలె సారు. ఇయ్యాల్నే కావాలె."

విద్యాధర్ అప్పుడే దుకాణం షట్టర్ ఎత్తి, దేవుడి పటానికి అగరువత్తి తిప్పుతున్నాడు. చప్పున వెనక్కి తిరిగాడు.

కౌంటర్ అవతల ఒక పెద్దమనిషి. మాసిన గడ్డం, తలకు తువ్వాల. కాళ్లకు చెప్పులు లేవు.

"ఎవరికి కాకా?"

"మా పిలగానికి. నా పేరు అంబదాస్. కొత్తపల్లి మాది, సాంచెల మీద బట్ట నేస్త."

విద్యాధర్‌కు ఒళ్లు మండింది.

కరీంనగర్‌లో కంప్యూటర్లు అమ్మేవాడికి ఇలాంటి పిల్లలు కొత్త కాదు. తండ్రికి మరమగ్గాల చప్పుడుకు చెవులు పోతుంటాయి, కొడుక్కేమో రంగురంగుల లైట్ల కంప్యూటర్ కావాలి! పైగా ఆ పొద్దునే అతని సొంత పుత్రరత్నం, ఫోను లాక్కున్నారని ఉప్మా పళ్లెం తోసేసి బడికి పోయాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"ఏమేం కావాలన్నడు?"

అంబదాస్ కళ్లు మూసుకుని పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు.

"డబ్బాకు అద్దం ఉండాలె. లోపట లైట్లు తిరగాలె. కార్డు రెండు పంఖాలది. కార్డు ఒక్కటి మంచిగుంటే చాలు, తక్కినయన్ని అగ్గువల చూసుకుంట అనెటోడు."

విద్యాధర్ లోలోపల నవ్వుకున్నాడు. తక్కువలో గేముల కంప్యూటర్ కట్టుకునే వాళ్లందరి లెక్కా అదే. తెర మీద బొమ్మల్ని పరుగెత్తించే గ్రాఫిక్స్ కార్డుకే సగం సొమ్ము పోతుంది. అది లేకపోతే పెద్ద గేము ఒక్కటీ నడవదు.

"పిలగాడు మస్తు హుషారున్నడే. గీ పైసలెక్కడియి?"

"వానియే సారు. వాడు గూడ సాంచెలు నడిపి కూడబెట్టుకున్నడు."

విద్యాధర్ నమ్మలేదు. కొడుకు పరువు కాపాడటానికి తండ్రులు ఎన్ని చెప్పరు!

"కాకా, నా మాటిను. గేములల్ల పడ్డ పిలగాడు మల్ల చేతికి రాడు. గీ పని చేయకు."

"మీరు జర జల్ది చేయుండ్రి సారు. పొద్దటి సంది ఏం ముట్టలే."

"ఓహో! అన్నం మీద అలిగిండా?"



"కోడికూర పెట్టినం. గుడ్లు పెట్టినం. పెట్టింది పెట్టినట్టే ఉన్నది. వాడు ముట్టనిది ఇంటికాడ ఎవ్వలం తింటలేం. వాళ్లవ్వకైతే సోయే లేదు."

"మీరు పరేషాన్ అయితున్నరని వానికి ఎరుక. గందుకే ఆడిస్తుండు. కడుపు కాల్తే వాడే తింటడు. మావోడు గూడ గంతే."

"మావోడు తినడు సారు." అంబదాస్ తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "మనసుల పెట్టుకున్నది తెచ్చిస్తేనే ముడుతడని పెద్దమనుషులు గూడ అంటున్నరు."

ఊళ్లో పెద్దమనుషులు కూడా ఆ మొండివాడికే వత్తాసు పలుకుతున్నారా! విద్యాధర్‌కు చిర్రెత్తుకొచ్చింది. ఆ తల్లిదండ్రుల మీద జాలీ వేసింది. ఈ మనిషికి చెప్పి లాభం లేదు, తనే ఏదో ఒకటి చేయాలనుకున్నాడు.

"సరే, కూసో కాకా."

సగం బిగించి ఉన్న ఒక డబ్బాను కిందికి దించాడు. చేతులు చకచకా ఆడాయి. అద్దం పెట్టాడు, లోపల ఫ్యాన్లు బిగించాడు. స్విచ్ వేయగానే ఎరుపు, నీలం, ఆకుపచ్చ గిరగిరా తిరిగాయి. చూడ్డానికి అచ్చం గేముల కంప్యూటరే. చదువుకోవడానికి భేషుగ్గా పనికొస్తుంది.

కార్డు ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీగా వదిలేశాడు.

అంబదాస్ అద్దానికి ముఖం ఆనించి లోపలికి చూశాడు.

"రెండు పంఖాల కార్డేది సారు?"

"స్టాకు లేదు కాకా. రేపొస్తది." అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! "అది లేకున్నా నడుస్తది. పైకైతే ఒక్కతీరే ఉంటది, వానికేం ఎరుకైతది?"

"వానికి ఎరుకైతది సారు."

"అయితే రేపు రా."

"రేపటికి పనికిరాదు."

అంబదాస్ రోడ్డు మీది ఎండను చూశాడు. చేతులు జోడించాడు.

"ఏడనన్న ఉంటే జర చూడుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

విద్యాధర్ మనసు ఒక్క క్షణం కలుక్కుమంది. వెనక బీరువాలో కార్డు ఉంది. కానీ ఈ ఒక్క రోజు గట్టిగా ఉంటే ఒక కుటుంబం బాగుపడుతుందని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

"లేదు కాకా. మిగిలిన పైసలు దాసుకో, ముందుముందు చదువుకు అక్కరకొస్తయి."

అంబదాస్ డబ్బాను పసిపిల్లవాణ్ణి ఎత్తుకున్నట్టు గుండెకు అదుముకుని, బయట నిలబడ్డ ఆటో ఎక్కాడు.

మధ్యాహ్నం విద్యాధర్ టిఫిన్ డబ్బా ఇష్టంగా ఖాళీ చేశాడు. చేతనైన మంచి చేశానన్న తృప్తి. ఒక మొండి పిల్లవాడి మెడలు వంచానన్న గర్వమూ లేకపోలేదు. అదెంతవరకు వచ్చిందో తెలుసుకోవాలని నోరు ఊరుకోక, బిల్లు మీది నంబరుకు ఫోన్ చేశాడు.

ఎవరో ఆడపిల్ల ఎత్తింది.

"అంబదాస్ కాక ఉన్నడా? కంప్యూటర్ దుకాణం నుంచి."

"బాపు మాట్లాడే తీరుల లేడు సారు. నేను ఆయన బిడ్డను, నవ్యశ్రీని."

"ఏం లేదమ్మా, మీ తమ్ముడు తిన్నడా అని అడుగుదామని."



"లేదు సారు," అంది ఆ పిల్ల మెల్లగా, "ఇయ్యాల తమ్ముని మూడొద్దుల దినం, కూడు పక్కన మీ కంప్యూటర్ గూడ పెట్టినం, కాకులైతే వచ్చి చుట్టు తిరిగినయి గని ఒక్కటి గూడ ముట్టలే."